టాస్క్ మేనేజర్‌లో 35 శాతమే, హెడ్‌ఫోన్‌లో మాత్రం టపటపలు: ఇంటి రికార్డింగ్‌కి కంప్యూటర్ సత్తా కొలిచేదెలా?

వడపళని_వీణ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇంట్లో పాటల రికార్డింగ్‌కి రీపర్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. విండోస్ 11 ల్యాప్‌టాప్, 8 కోర్లు, 16 జీబీ ర్యామ్. రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, దాని కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవర్ (తక్కువ ఆలస్యంతో ఆడియో నడిపేది). ప్రాజెక్టులన్నీ 48 కిలోహెర్ట్జ్. ఒక పాటలో లీడ్ గొంతు రెండు ట్రాకులు, కోరస్ ఆరు, కాంటాక్ట్‌లో (రికార్డ్ చేసిన వాద్యాల శాంపిళ్లు వినిపించే సాఫ్ట్‌వేర్) తంబూరా, తబలా, స్ట్రింగ్స్ ఉంటాయి. అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ మీద ఈక్యూ, లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది).

బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో అందించే శాంపిళ్ల సంఖ్య) 128 దగ్గర ఉంచితే చరణం మధ్యలో టపటపలు మొదలవుతాయి. 512కి పెంచితే పోతాయి కానీ కీబోర్డు మీద వేలు పడ్డాక స్వరం వెనకబడి వస్తోంది, తాళంలో వాయించలేకపోతున్నాను. అదే సమయంలో టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే సీపీయూ 35 శాతం దాటడం లేదు.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో డెస్క్‌టాప్ అసెంబుల్ చేయిద్దామని ఆలోచన. డబ్బు పెట్టే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. ఇప్పుడున్న ల్యాప్‌టాప్ నిజంగా చాలడం లేదా, లేక సెట్టింగుల లోపమా? ఇక కొత్త మెషీన్ దీనికన్నా ఎంత మెరుగో షాపులోనే ఎలా కొలవాలి? గేమ్స్ బెంచ్‌మార్కులు బోలెడు దొరుకుతున్నాయి, ఆడియోకి పనికొచ్చేవి కనిపించడం లేదు.

---

బఫర్128

వీణ గారూ, ఆ 35 శాతం చూసి మోసపోకండి. టాస్క్ మేనేజర్ కాసేపటి పనిని, అన్ని కోర్లనీ కలిపి సగటు తీసి చూపిస్తుంది. ఆడియోకి సగటుతో పని లేదు, గడువుతోనే పని. 128 శాంపిళ్ల బఫర్ అంటే 128ని 48,000తో భాగించాలి, 2.67 మిల్లీసెకన్లు వస్తుంది. అంటే సెకనుకి 375 సార్లు డ్రైవర్ వచ్చి తర్వాతి 128 శాంపిళ్లు అడుగుతుంది. 374 సార్లు సగం టైములోనే అందించి, ఒక్కసారి 2.8 మిల్లీసెకన్లు పట్టినా చెవికి టప్ మని వినబడుతుంది. సగటు మాత్రం 50 దగ్గరే ఉంటుంది.

దీనికి తోడు కోర్ల సంగతి. ఒక ట్రాక్ మీద వరసగా పెట్టిన ప్లగిన్లు (ధ్వనిని మార్చే చిన్న ప్రోగ్రాములు) ఒకదాని అవుట్‌పుట్ ఇంకోదానికి ఇన్‌పుట్ కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి నడవాల్సిందే. ఆ చెయిన్‌ని కోర్ల మధ్య పంచడానికి వీలుండదు. మీది 8 కోర్లు, 16 థ్రెడ్లు అయితే, ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా టాస్క్ మేనేజర్‌లో అది 6 శాతమే. మాస్టర్ బస్ ఇంకా కష్టం: మిగతా ట్రాకులన్నీ పూర్తయ్యాకే దాని వంతు వస్తుంది. అక్కడ బరువైన లిమిటర్ ఉంటే ఆ 2.67లో చివర మిగిలిన కాస్త టైములోనే అది పని ముగించాలి.

కొలిచే పద్ధతి ఆడియో వాళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. విన్ క్యూరిలియానో తయారుచేసిన డాబెంచ్ ఈ సూత్రం మీదే నడుస్తుంది: ఒక బఫర్ సైజు పెట్టు, ఒకే ప్లగిన్‌ని కాపీల మీద కాపీలు పెంచుతూ పో, ఆడియో ఎక్కడ తెగుతుందో ఆ సంఖ్య రాసుకో, తర్వాత బఫర్ మార్చు. అదే మీరు రీపర్‌తో వచ్చే ప్లగిన్లతోనే చేసుకోవచ్చు. ఏ మెషీన్‌లోనైనా లైసెన్సుల గొడవ ఉండదు, షాపులో కూడా పనికొస్తుంది.

కొత్త ప్రాజెక్ట్, 48 కిలోహెర్ట్జ్. ప్రిఫరెన్సెస్‌లో ఆడియో, డివైస్ దగ్గర ఏసియో, మీ ఇంటర్‌ఫేస్ డ్రైవర్ ఎంచుకోండి. ఏసియో4ఆల్ వద్దు. అది విండోస్ మామూలు డ్రైవర్ మీద వేసిన తొడుగు, దాంతో వచ్చే అంకెలు మీ ఇంటర్‌ఫేస్ అసలు డ్రైవర్ గురించి ఏమీ చెప్పవు. ఒక ట్రాక్‌లో అరనిమిషం గొంతు రికార్డింగ్ పెట్టి లూప్ చేయండి. దాని మీద రియాఈక్యూ ఒకటి, రియాఎక్స్‌కాంప్ రెండు, రియావెర్బేట్ ఒకటి. ఈ ట్రాక్‌ని డూప్లికేట్ చేస్తూ పోవడమే టెస్ట్.

ఇక్కడ చాలామంది లెక్క తప్పేది మూడు చోట్ల. శబ్దం ఎక్కువైపోతోందని ట్రాకుల్ని మ్యూట్ చేస్తారు. మ్యూట్ చేసిన ట్రాకుల్ని ప్రాసెస్ చేయకుండా వదిలేసే సెట్టింగ్ రీపర్‌లో ఉంది, అది ఆన్‌లో ఉంటే మీ 60 ట్రాకుల్లో 50 నిద్రపోతుంటాయి. మ్యూట్ బదులు ఫేడర్లు మైనస్ 40 డెసిబెల్ దాకా దించండి, అప్పుడు ప్రాసెసింగ్ మొత్తం జరుగుతుంది. రెండోది, మాస్టర్ క్లిప్ అయ్యే పగులుని, బఫర్ తెగే టప్‌నీ ఒకటే అనుకోవడం. మాస్టర్ మీటర్ ఎర్రగా వెలగకుండా చూసుకోండి. మూడోది, నిశ్శబ్దంగా ఉన్న ఆడియో పెట్టడం. సిగ్నల్ లేనప్పుడు పని ఆపేసే ప్లగిన్లు, హోస్టులు ఉన్నాయి. క్యూబేస్ అనే ఇంకో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీఎస్‌టీ3 ప్లగిన్లకి ఈ సెట్టింగ్ నేరుగానే ఉంది.

తెగిందో లేదో వినడానికి గొంతు మంచి సిగ్నల్ కాదు, హల్లుల్లో క్లిక్ కలిసిపోతుంది. విడిగా ఒక ట్రాక్‌లో 440 హెర్ట్జ్ సైన్ టోన్ పెట్టి అది మాత్రం వినబడేంత ఉంచండి. సైన్ మీద ఒక్క శాంపిల్ తెగినా స్పష్టంగా పట్టేస్తారు. కంటికి కూడా సాక్ష్యం కావాలంటే కంట్రోల్+ఆల్ట్+పి నొక్కి పెర్ఫార్మెన్స్ మీటర్ తెరవండి. అందులో చూడాల్సింది మొత్తం సీపీయూ కాదు, 'ఆర్‌టీ లాంగెస్ట్ బ్లాక్' అనే వరస. 1.9/2.67 అని ఉంటే 2.67 గడువులో అత్యంత ఆలస్యమైన బ్లాక్‌కి 1.9 పట్టిందని అర్థం. కొత్త వెర్షన్లలో ఎక్స్‌రన్ల (గడువు తప్పిన బ్లాకుల) లెక్క కూడా కనిపిస్తుంది.

ఒక్క సెట్టింగ్ మాత్రం మర్చిపోవద్దు. ప్రిఫరెన్సెస్, ఆడియో, బఫరింగ్‌లో యాంటిసిపేటివ్ ఎఫెక్ట్స్ ప్రాసెసింగ్ ఉంటుంది. మామూలుగా 200 మిల్లీసెకన్లు ముందే లెక్కచేసి పెట్టుకుంటుంది. అది ఆన్‌లో ఉంటే బఫర్ 64 అయినా 512 అయినా అంకెల్లో పెద్ద తేడా రాదు, ఎందుకంటే అసలు గడువు 200 అయిపోయింది. కానీ మీరు ట్రాక్‌ని ఆర్మ్ చేసి (రికార్డింగ్‌కి సిద్ధం చేసి) మానిటర్ పెట్టిన క్షణం నుంచి ఆ ట్రాక్‌కి ఈ సౌకర్యం ఉండదు. ఇంకా వాయించని స్వరాన్ని ముందే లెక్కగట్టడం కుదరదు కదా. కాబట్టి టెస్ట్ రెండు సార్లు చేయండి, ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి. మొదటిది మిక్సింగ్‌కి, రెండోది వాయిస్తూ రికార్డ్ చేయడానికి. మీ సమస్య రెండో దానిలో ఉంది.

64, 128, 256, 512 దగ్గర ఎన్ని ట్రాకులు నిలబడ్డాయో రాసి ఇక్కడ పెట్టండి. నిలబడింది అంటే 5 నిమిషాలు ఒక్కసారి కూడా తెగకుండా.

---

నాదతంత్రి

ఇంత శ్రమ అవసరమా అండీ? సినీబెంచ్ సింగిల్ కోర్ స్కోరు చూసుకుంటే ఏ ప్రాసెసర్ మేలో తెలిసిపోతుంది కదా.

---

బఫర్128

రెండు ప్రాసెసర్లలో ఏది ముందు చూడాలో ఎంచుకోడానికి పనికొస్తుంది, ఆ మేరకు ఒప్పుకుంటా. కానీ సినీబెంచ్ చేసేది బొమ్మ గీయడం. మధ్యలో వైఫై డ్రైవర్ లేచి 2 మిల్లీసెకన్లు కోర్‌ని ఆక్రమించుకుంటే బొమ్మ 2 మిల్లీసెకన్లు ఆలస్యంగా పూర్తవుతుంది, స్కోరులో ఎవరికీ కనబడదు. అదే 2 మిల్లీసెకన్లు మీ రికార్డింగ్‌లో టప్ మంటుంది. ఒకే ప్రాసెసర్, ఒకే స్కోరు ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకటి 64 దగ్గర హాయిగా నడిచి ఇంకోటి 256 దగ్గర కూడా తడబడేది ఇందుకే. ఆఫ్‌లైన్ రెండర్ టైము కొలిచి పోల్చడంలోనూ ఇదే లోపం, అక్కడా గడువు లేదు.

---

సాలిగ్రామం_మిక్స్

పై పద్ధతికి ఒక ముఖ్యమైన చేర్పు: వేడి. చెన్నైలో దీన్ని వదిలేస్తే మొత్తం టెస్ట్ వృథా.

ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కి రెండు పవర్ పరిమితులు ఉంటాయి. పని మొదలైన కాసేపు పై పరిమితి దాకా కరెంటు లాగి టర్బో స్పీడులో పరిగెడుతుంది, తర్వాత కింది పరిమితికి దిగి అక్కడే ఉండిపోతుంది. వేడి ఎక్కువైతే దానికన్నా కిందికీ దిగుతుంది. మొదటి నిమిషంలో కొలిచిన అంకె మీ పాటకి సంబంధం లేనిది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఉచితంగా దొరుకుతుంది, సెన్సార్స్ కిటికీ తెరిచి కోర్ క్లాక్స్, సీపీయూ ప్యాకేజ్ టెంపరేచర్, ప్యాకేజ్ పవర్, థర్మల్ థ్రాటిలింగ్ అనే నాలుగు వరసలు గమనించండి. ట్రాకులు తెగే సంఖ్యకి కొంచెం కింద పెట్టి 30 నిమిషాలు లూప్ వదిలేయండి. 30వ నిమిషంలో మళ్ళీ ఎన్ని నిలబడతాయో చూడండి. అదే మీ మెషీన్ నిజమైన అంకె.

గదిని కూడా రికార్డింగ్ వేళ ఎలా ఉంటుందో అలాగే ఉంచండి. మైకు ముందు పాడేటప్పుడు ఏసీ ఆపుతాం, సీలింగ్ ఫ్యాన్ ఆపుతాం, కిటికీలు తలుపులు మూస్తాం. రోహిణి కార్తెలో ఆ గది అరగంటలో ఎలా మారుతుందో మీకు చెప్పక్కర్లేదు. గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు పైకి వెళ్తుంది. ఏసీలో 24 డిగ్రీల దగ్గర చేసిన టెస్ట్, 34 డిగ్రీల గదిలో పాడే రోజుకి సాక్ష్యం కాదు.

పవర్ సెట్టింగులు టెస్ట్‌కి ముందే ఖాయం చేసుకోవాలి, మధ్యలో మారిస్తే అంకెలు పోల్చలేం. ఛార్జర్ పెట్టే ఉంచండి. పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్, మినిమం ప్రాసెసర్ స్టేట్ 100 శాతం, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ డిసేబుల్. ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన సొంత పవర్ యాప్ ఉంటే అది విండోస్ ప్లాన్‌ని తోసిరాజంటుంది, అందులోనూ పెర్ఫార్మెన్స్ మోడ్ పెట్టండి.

ఇంకో ప్రయోగం చేసి చూడండి: మాక్సిమం ప్రాసెసర్ స్టేట్‌ని 99 శాతానికి దించండి. సాధారణంగా టర్బో ఆగిపోయి క్లాక్ ఒకే దగ్గర నిలుస్తుంది. గరిష్ఠ ట్రాకుల సంఖ్య తగ్గుతుంది, కానీ మొదటి నిమిషంలో వచ్చినదే 30వ నిమిషంలోనూ వస్తుంది. పైగా ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరు తగ్గుతుంది, కండెన్సర్ మైకు వాడేవాళ్లకి అది చిన్న లాభం కాదు. నా దృష్టిలో పాట రికార్డ్ చేసే మెషీన్‌కి మొదటి నిమిషం వేగం కన్నా ఈ నిలకడ మేలు.

---

వడపళని_వీణ

ఇద్దరికీ ధన్యవాదాలు. ఏసీ, ఫ్యాన్ ఆపేసి, యాంటిసిపేటివ్ ఆఫ్ చేసి కొలిచాను.

512 దగ్గర 118 ట్రాకులు, 256 దగ్గర 104, 128 దగ్గర 71, 64 దగ్గర 14 మాత్రమే. 64 దగ్గర 10 ట్రాకులున్నా కొన్ని నిమిషాలకోసారి ఒక టప్ వస్తూనే ఉంది. లాంగెస్ట్ బ్లాక్ మామూలుగా 0.5 దగ్గర ఉండి ఉన్నట్టుండి గడువు దాటుతోంది. 30 నిమిషాల టెస్ట్ ఇంకా చేయలేదు.

---

బఫర్128

ఈ నాలుగు అంకెల్లోనే జవాబు ఉంది. బఫర్ తగ్గేకొద్దీ ట్రాకులు కొంత తగ్గడం సహజం, ప్రతి బ్లాక్‌కీ ఉండే స్థిరమైన ఖర్చు ఎక్కువ సార్లు పడుతుంది. కానీ 71 నుంచి 14కి పడిపోవడం సహజం కాదు. ప్రాసెసర్ బలహీనమైతే 512 దగ్గర కూడా చతికిలబడేది. 118 నిలబడ్డాయంటే కండ బలం ఉంది. 10 ట్రాకులతో కూడా అప్పుడప్పుడు తెగడం, బ్లాక్ టైము ఉన్నట్టుండి ఎగరడం చూస్తే మధ్యలో ఏదో డ్రైవర్ అడ్డొస్తోంది. డెస్క్‌టాప్ మాట పక్కన పెట్టి ముందు దాన్ని పట్టుకోండి.

ఏ డ్రైవర్ ఎంతసేపు అడ్డొస్తోందో చూపించే లేటెన్సీమాన్ దింపుకోండి, ఇంటి వాడకానికి ఉచితం. ప్లే నొక్కి, మీ ప్రాజెక్ట్ నడుస్తుండగా 15 నిమిషాలు వదిలేయండి. మెయిన్ పేజీలో ఆకుపచ్చ, ఎరుపు తీర్పుల దగ్గర ఆగిపోకుండా డ్రైవర్స్ ట్యాబ్‌కి వెళ్లి 'హయ్యెస్ట్ ఎగ్జిక్యూషన్' వరస మీద నొక్కి పెద్దవి పైకి తెచ్చుకోండి. ఆ అంకెని మీ బఫర్ గడువుతో పోల్చాలి. 64 అంటే 1,333 మైక్రోసెకన్లు, 128 అంటే 2,667. ఒక డ్రైవర్ ఒక్కసారి 1,000 మైక్రోసెకన్లు తిన్నా 64 దగ్గర మీకు మిగిలేది 333. 512 దగ్గర 10,667లో 1,000 పోయినా ఏమీ తెలియదు, మీ టపటపలు 512లో మాయమయ్యేది అందుకే.

పైన కనిపించే పేరుని బట్టి చికిత్స. ఎన్‌డిఐఎస్ గానీ టీసీపీఐపీ గానీ ఉంటే నెట్‌వర్క్. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్‌ని డిసేబుల్ చేసి మళ్ళీ కొలవండి. టాస్క్‌బార్‌లో ఎయిర్‌ప్లేన్ మోడ్ నొక్కితే కొన్ని మెషీన్లలో డ్రైవర్ పూర్తిగా పడుకోదు. ఎన్‌విఎల్‌డిడిఎంకెఎం అంటే ఎన్విడియా గ్రాఫిక్స్. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ మేనేజ్‌మెంట్ మోడ్‌ని 'ప్రిఫర్ మాక్సిమం పెర్ఫార్మెన్స్'కి మార్చితే కార్డు మాటిమాటికీ క్లాక్ మార్చుకోవడం తగ్గుతుంది. ఏసీపీఐ పైకి వస్తే ల్యాప్‌టాప్‌లలో తరచూ అది బ్యాటరీ స్థితిని అడిగే పని. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీస్ కింద 'ఏసీపీఐ కంప్లయంట్ కంట్రోల్ మెథడ్ బ్యాటరీ'ని డిసేబుల్ చేసి చూడొచ్చు. జాగ్రత్త, అది ఆఫ్‌లో ఉన్నప్పుడు ఛార్జ్ శాతం కనబడదు, తక్కువైందన్న హెచ్చరికా రాదు. కరెంటు పోయి గమనించకపోతే మెషీన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. సెషన్ అయ్యాక ఆన్ చేసేయండి. డబ్ల్యూడిఎఫ్01000 వస్తే అది ఒక డ్రైవర్ కాదు, చాలా డ్రైవర్లు దాని మీద నడుస్తాయి. ఎక్కువసార్లు యూఎస్‌బీ పరికరాలే. బ్లూటూత్, వెబ్‌క్యామ్, కార్డ్ రీడర్ ఒక్కొక్కటిగా ఆపుతూ చూడండి. ఒకేసారి అన్నీ ఆపితే దొంగ ఎవరో తెలియదు.

ఇంటర్‌ఫేస్‌ని హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్ పోర్ట్‌కి పెట్టండి. అదీ కుదరకపోతే వేరే పోర్ట్. ఒకే కంట్రోలర్ మీద వెబ్‌క్యామ్‌తో కలిసి ఉంటే కూడా ఇబ్బందే.

---

తంత్రీలయ

కాంటాక్ట్ మాట ఎవరూ ఎత్తలేదు. రియాఎక్స్‌కాంప్ టెస్ట్ ప్రాసెసర్‌ని కొలుస్తుంది, శాంపిల్ లైబ్రరీల దగ్గర డిస్క్, ర్యామ్ కూడా పరీక్షలో కూర్చుంటాయి.

కాంటాక్ట్ ప్రతి శాంపిల్ మొదటి ముక్కని మాత్రం ర్యామ్‌లో పెట్టుకుని మిగతాది వాయించాక డిస్క్ నుంచి తెస్తుంది. ఆ ముక్క మామూలుగా 60 కిలోబైట్లు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో, కంప్రెస్ చేయనిది అయితే సెకనుకి 288 కిలోబైట్లు. అంటే ఆ 60 కిలోబైట్లు దాదాపు 0.21 సెకను వరకే వస్తాయి. ఆలోపు డిస్క్ తర్వాతి ముక్క ఇవ్వాలి. పెడల్ తొక్కి స్ట్రింగ్స్ నాలుగు స్వరాలు పట్టుకుంటే లేయర్లు, రిలీజులు కలిపి 60, 80 వాయిస్‌లు (ఒకేసారి మోగే శాంపిళ్లు) సులభంగా లేస్తాయి. 80 వాయిస్‌లకి సెకనుకి 23 మెగాబైట్లు, పాత హార్డ్‌డిస్క్‌కి కూడా అది పెద్ద లెక్క కాదు. చచ్చేది వెతుకులాటలో. తిరిగే డిస్క్‌కి ఒక్కో చోటికి వెళ్ళడానికి 10 మిల్లీసెకన్లు అటూఇటూ పడుతుంది, 0.21 సెకనులో 20 చోట్లకి మించి వెళ్ళలేదు. 80 వాయిస్‌లకి ఎలా చాలుతుంది? ఎస్ఎస్‌డీ అయితే ఈ సమస్యే ఉండదు, సాటా అయినా సరిపోతుంది. ఎన్‌విఎంఈతో (ఇంకా వేగమైన ఎస్ఎస్‌డీ) లాభం ఏమిటంటే ప్రీలోడ్‌ని, అంటే ఆ మొదటి ముక్కని, 60 నుంచి బాగా దించొచ్చు, ర్యామ్ మిగులుతుంది.

దీనికి టెస్ట్: మీరు వాడే బరువైన స్ట్రింగ్స్ ప్యాచ్ ఒకటి తెరిచి, పొడవాటి స్వరాల మిడీ క్లిప్ లూప్ చేసి, ట్రాక్‌ని డూప్లికేట్ చేస్తూ కాంటాక్ట్‌లో వాయిస్‌ల సంఖ్య, సీపీయూ, డిస్క్ మీటర్లు చూడండి. డిస్క్ మీటర్ పైకి పోయి స్వరం మధ్యలో తెగితే లోపం డిస్క్‌ది, బఫర్ పెంచి లాభం లేదు. సీపీయూ మీటర్ పైకి పోతే ప్రాసెసర్‌ది. కాంటాక్ట్ లోపలి మల్టీప్రాసెసర్ సపోర్ట్ ఆఫ్‌లో ఉంచండి. రీపర్ ఇప్పటికే ట్రాకుల్ని కోర్లకి పంచుతోంది, ఇద్దరు పంచేవాళ్ళు ఒకరికొకరు అడ్డొస్తారు.

లేటెన్సీమాన్‌లో హార్డ్ పేజ్ ఫాల్ట్స్ అంకె పెరుగుతుంటే ర్యామ్ నిండిపోయి డిస్క్ మీదికి ఒలుకుతోందని అనుమానించాలి. 16 జీబీలో బ్రౌజర్, స్ట్రింగ్స్, తబలా అన్నీ ఉంటే ఆశ్చర్యం లేదు. మొదటి చవకైన మందు, పాట కుదిరాక కాంటాక్ట్‌లో పర్జ్ చేయడం. వాడని స్వరాల శాంపిళ్లు ర్యామ్ నుంచి పోతాయి. విండోస్ డిఫెండర్‌లో లైబ్రరీ ఫోల్డర్‌ని ఎక్స్‌క్లూజన్‌లో పెట్టడం కూడా మర్చిపోవద్దు.

---

వడపళని_వీణ

దొంగ దొరికాడు. డ్రైవర్స్ ట్యాబ్‌లో పైన ఎన్‌డిఐఎస్, 1,480 మైక్రోసెకన్లు. వైఫై అడాప్టర్ డిసేబుల్ చేస్తే అదే టెస్ట్‌లో అన్నిటికన్నా పెద్దది 210కి దిగింది. ఇప్పుడు 128 దగ్గర 92 ట్రాకులు, 64 దగ్గర 63.

సాలిగ్రామం_మిక్స్ గారు చెప్పినట్టు 30 నిమిషాలు వదిలేస్తే 128 దగ్గర 92 కాస్తా 61 అయింది. క్లాక్ 4.1 గిగాహెర్ట్జ్ నుంచి 2.8కి దిగింది, టెంపరేచర్ 95 దగ్గర ఆడుతోంది.

అసలు పాట ఇప్పుడు 128 దగ్గర నడుస్తోంది. స్ట్రింగ్స్ ట్రాక్ ఆర్మ్ చేసి వాయిస్తే మాత్రం లాంగెస్ట్ బ్లాక్ 2.3/2.67 దగ్గరికి వస్తోంది, భయంగా ఉంది. మరి డెస్క్‌టాప్ కొనాలా వద్దా?

---

సాలిగ్రామం_మిక్స్

92 నుంచి 61 అంటే ఇంచుమించు క్లాక్ పడిపోయిన నిష్పత్తిలోనే పడింది. కాబట్టి ఇక మిగిలిన లోపం వేడి ఒక్కటే, దాచిన డ్రైవర్ ఇంకేదీ లేదు. మీ ల్యాప్‌టాప్‌ని ఇక మీద 61 ట్రాకుల మెషీన్‌గా లెక్కవేసుకోండి, 92ని మర్చిపోండి. వెనక భాగాన్ని రెండు అంగుళాలు ఎత్తి కింద గాలి ఆడనివ్వడం, ఫ్యాన్ రెక్కల్లో దుమ్ము తీయించడం, పాతదైతే థర్మల్ పేస్ట్ మార్పించడం, ఈ మూడూ అయ్యాక మళ్ళీ అదే టెస్ట్ చేస్తే ఎంత తిరిగొచ్చిందో అంకెల్లో తెలుస్తుంది.

2.3/2.67 ప్రమాదకరమే. నేనైతే 70 శాతం, అంటే 1.9 దాటనివ్వను. దాన్ని కిందికి తేవడానికి వాయించేటప్పుడు మాస్టర్ మీది లిమిటర్‌ని, లీనియర్ ఫేజ్ ఈక్యూ ఉంటే దాన్నీ బైపాస్ కాదు, ఆఫ్‌లైన్ చేయండి. లీనియర్ ఫేజ్ ఈక్యూ, లుక్‌అహెడ్ లిమిటర్ సొంతంగా ఆలస్యాన్ని కలుపుతాయి, బఫర్ 64కి తెచ్చినా ఆ ఆలస్యం పోదు. కీబోర్డు వెనకబడుతోందని మీరు మొదట అన్నదాంట్లో దీని వాటా ఉండొచ్చు. అయిపోయిన తబలా, తంబూరా ట్రాకుల్ని కుడి క్లిక్ చేసి ఫ్రీజ్ చేయండి (ఆడియోగా మార్చి ప్లగిన్లు ఆపేయడం), స్ట్రింగ్స్ ఒక్కటే లైవ్‌గా ఉంచండి.

గొంతు రికార్డింగ్‌కి 128 కూడా అక్కర్లేదు. ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే పాడేవాళ్ళు కంప్యూటర్ గుండా వెళ్ళకుండా తమ గొంతు తాము వింటారు. అప్పుడు బఫర్ 512 పెట్టి నిశ్చింతగా ఉండొచ్చు. తక్కువ బఫర్ కావలసింది కీబోర్డు వాయించేటప్పుడు, గిటార్‌ని యాంప్ ప్లగిన్ గుండా వినేటప్పుడు.

నా మాట: ఈ పనికి ఈ ల్యాప్‌టాప్ చాలు. ఫ్యాన్ శబ్దం మైకులోకి వస్తుంటే అప్పుడు డెస్క్‌టాప్ గురించి ఆలోచించండి.

---

బఫర్128

నేను కొంచెం విభేదిస్తా. ఇంకో ఏడాదిలో కోరస్ ట్రాకులు రెట్టింపు అయితే, లేదా 96 కిలోహెర్ట్జ్‌కి వెళ్తే 61 చాలదు. 96లో లెక్క రెట్టింపు అవుతుంది, 128 బఫర్ గడువు 1.33కి సగమవుతుంది. కొనకపోయినా షాపులో కొలిచే పద్ధతి తెలుసుకుని ఉండటం మంచిది.

పెన్‌డ్రైవ్‌లో నాలుగు పెట్టుకోండి: రీపర్ పోర్టబుల్ ఇన్‌స్టాల్ (సెటప్‌లోనే ఆ టిక్ ఉంటుంది), మీ టెస్ట్ ప్రాజెక్ట్, మీ ఇంటర్‌ఫేస్ డ్రైవర్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో పోర్టబుల్. ఇంటర్‌ఫేస్, దాని కేబుల్, హెడ్‌ఫోన్ తప్పకుండా మీవే తీసుకెళ్ళండి. 128 అని రాసున్నా డ్రైవర్లు లోపల దాచుకునే అదనపు బఫర్ ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, ఇంటర్‌ఫేస్ మారితే రెండు మెషీన్ల పోలిక చెల్లదు. బిల్లు కట్టకముందు 20 నిమిషాలు టెస్ట్ నడపనిస్తారా అని మొదటే అడగండి, అసెంబుల్ చేసే షాపులు బర్న్‌ఇన్ (కొత్త మెషీన్‌ని కాసేపు బరువుతో నడిపి చూడటం) ఎలాగూ చేస్తాయి.

రెండు కొలతలు తీసుకోండి. పైన చెప్పిన ట్రాకుల డూప్లికేట్ ఒకటి. రెండోది ఒకే ట్రాక్ మీద రియాఎక్స్‌కాంప్‌లు పేర్చుకుంటూ పోయి ఎన్నిటికి తెగుతుందో చూడటం. అది ఒక్క కోర్ బలం. కొత్త ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటిలో, 12వ తరం నుంచి, పెద్ద కోర్లు చిన్న కోర్లు కలిసి ఉంటాయి కాబట్టి బాక్స్ మీద 14 కోర్లు అని ఉన్నా లైవ్ వాయింపుకి ఈ రెండో అంకే నమ్మాలి. మీ ల్యాప్‌టాప్‌లోనూ ఈ రెండోది కొలిచి రాసుకుని వెళ్ళండి.

విడిభాగాల్లో: గ్రాఫిక్స్ కార్డు వద్దు, ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్ చాలు. ఖర్చు, శబ్దం, ఒక డ్రైవర్ మూడూ తగ్గుతాయి. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ తీసుకోండి, పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగి అదే గాలి ఇస్తుంది. ర్యామ్ 32 జీబీ ఒకే స్టిక్ కాకుండా 16 జీబీవి రెండు, డ్యూయల్ చానెల్‌లో. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పూర్తి వేగంలో నడిపే సెట్టింగ్) ఆన్ చేశారో లేదో మీ కళ్ళతో చూడండి, ఇది వదిలేసి ఇచ్చే మెషీన్లు ఎక్కువ. సిస్టమ్‌కి ఒక ఎన్‌విఎంఈ, శాంపిళ్లకి ఇంకోటి. నెట్ కోసం లాన్ వైరు సరిపోతే వైఫై లేని బోర్డు తీసుకోండి.

---

రామాపురం_రాగం

మ్యాక్ వాడేవాళ్ళకి ఒక మాట. ఇదే రీపర్ ప్రాజెక్ట్ అక్కడా తెరుచుకుంటుంది, ఏసియో బదులు కోర్ ఆడియో, అంతే తేడా. మ్యాక్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లాజిక్‌లో అయితే పైన సీపీయూ మీటర్ మీద డబుల్ క్లిక్ చేస్తే కోర్ల వారీగా గీతలు వస్తాయి. లైవ్ ట్రాక్ ఎంచుకున్నప్పుడు ఒక్క గీతే నిండి మిగతావి ఖాళీగా ఉంటే అది సహజం, వాయించడం పూర్తయ్యాక వేరే ఖాళీ ఆడియో ట్రాక్‌ని ఎంచుకుంటే ఆ బరువు దిగుతుంది. ఎయిర్ మోడళ్ళలో 2020 ఎమ్1 నుంచి ఫ్యాన్ లేదు. మైకు పక్కన అది వరం, కానీ 30 నిమిషాల టెస్ట్ వాటికి మరీ ముఖ్యం.

---

వడపళని_వీణ

మాస్టర్ లిమిటర్ ఆఫ్‌లైన్, తబలా తంబూరా ఫ్రీజ్, ల్యాప్‌టాప్ ఎత్తు మీద. ఇప్పుడు స్ట్రింగ్స్ ఆర్మ్ చేసి వాయిస్తే 1.4/2.67. డెస్క్‌టాప్ ప్రస్తుతానికి వాయిదా. ఒక సందేహం: వైఫై డ్రైవర్‌కి కొత్త వెర్షన్ వచ్చిందని చూపిస్తోంది, వేసుకోవచ్చా?

---

బఫర్128

వేసుకోండి, కానీ ముందు ఇప్పటి డ్రైవర్ వెర్షన్ నంబరు, దాంతో వచ్చిన 1,480 అంకె, తేదీ ఒకచోట రాసి పెట్టుకోండి. కొత్తది వేశాక వైఫై ఆన్‌లో ఉంచి లేటెన్సీమాన్ మళ్ళీ 15 నిమిషాలు. మెరుగైతే ఉంచుకోండి. లేదంటే డివైస్ మేనేజర్‌లో ఆ అడాప్టర్ ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' ఉంటుంది. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ 128 దగ్గర ట్రాకుల టెస్ట్ ఒకసారి నడపండి, అప్‌డేట్లు పవర్ ప్లాన్‌ని, డిసేబుల్ చేసిన పరికరాల్ని మళ్ళీ మొదటికి తెచ్చేస్తుంటాయి.